ఫోన్‌లో ఏఐ చెత్త తగ్గించుకోవడం ఎలా?

"యూట్యూబ్ తెరిస్తే అన్ని వీడియోల్లోనూ ఒకటే గొంతు. దీన్ని ఎలా వదిలించుకోవాలి?" "గూగుల్‌లో ఏం వెతికినా పైన ఏఐ జవాబే వస్తోంది. తీసేయొచ్చా?" "మా నాన్నగారు పొద్దున్నే పంపే ఫొటోల్లో సగం నిజమైనవి కావు. ఆయనకు ఎలా చెప్పాలి?" ఏడాదిగా నన్ను అడిగేవాళ్ళందరూ తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే నయమనిపించింది.

నాకు దీనిమీద ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. నిరుడు వేసవిలో మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టాను. ఒక వీడియో చూసి, అందులో చెప్పింది చెప్పినట్టు చేశాను. మూడో వారానికి జాడీలో పైన బూజు. పెద్దమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ మూడే అడిగింది. "కాయలు కడిగాక గుడ్డతో తుడిచి ఆరబెట్టావా? ముక్కల్లో జీడి తీశావా? మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలిందా?" ఈ మూడింటిలో ఒక్కటీ ఆ వీడియోలో లేదు. మళ్ళీ పెట్టి చూశాను. పది నిమిషాల్లో ఒక్క చెయ్యి కూడా కనపడలేదు. మామిడికాయల బొమ్మలు, జాడీల బొమ్మలు, వెనక తీయటి గొంతు. ఆవకాయ ఎన్నడూ పెట్టని యంత్రం నాకు ఆవకాయ నేర్పింది. 25 కాయలు పారబోశాను. డబ్బు పోయినందుకు కాదు, కుటుంబంలో తెలిసిన మనిషి ఉండగా ముందు ఆమెను అడగనందుకు చాలా బాధపడ్డాను.

ఇలాంటి సరుకును ఇంగ్లిష్‌లో 'స్లాప్' అంటున్నారు. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2025 సంవత్సరపు మాటగా దాన్నే ఎంచుకుంది. మనకు దగ్గరి మాట కుడితి. కానీ కుడితి పశువుకు బలాన్నిస్తుంది, దీనితో ఎవరికీ బలం రాదు. అందుకే నేను చెత్త అనే అంటున్నాను.

ముందే ఒక మాట. ఈ చెత్తను పూర్తిగా ఆపడం మన చేతుల్లో లేదు. మనం ఎంతసేపు చూస్తే కంపెనీలకు అన్ని ప్రకటనలు, యంత్రం చేసిన వీడియో అయినా మనిషి చేసిన వీడియో అయినా వాళ్ళ లెక్కలో ఒకటే. కానీ గంటన్నర కూర్చుంటే మీ ఫోన్ వరకు బాగా తగ్గించుకోవచ్చు.

కావలసినవి

- తీరికగా ఒక గంటన్నర. ఒకేసారి కుదరకపోతే రోజుకో అంచె చేయండి.
- మీ గూగుల్, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లు.
- ఒక కాగితం, పెన్ను.
- వీలైతే ల్యాప్‌టాప్. లేకపోయినా చాలా పనులు ఫోన్‌లోనే అవుతాయి.
- ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్. ఉచితమే.
- ఇంట్లో టీవీలో యూట్యూబ్ ఎవరి అకౌంట్‌తో నడుస్తోందో కనుక్కోండి. ఇది ఎందుకో చివర్లో చెబుతాను.

యాప్‌లలో మెనూల పేర్లు, చోట్లు తరచు మారుతుంటాయి. నేను చెప్పిన పేరు మీ ఫోన్‌లో కనపడకపోతే దానికి దగ్గరగా ఉన్న పేరు కోసం చూడండి, లేదా సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతుకుడు పెట్టెలో టైప్ చేయండి.

అంచె 1: ముందు లెక్క రాసుకోండి

ఏదీ మార్చకముందే యూట్యూబ్ హోమ్ పేజీ తెరిచి, పైనుంచి 30 వీడియోలు చూస్తూ రండి. ఏదీ నొక్కవద్దు, పేర్లూ బొమ్మలూ చూస్తే చాలు. కాగితం మీద మూడు గడులు గీయండి: నేను కావాలని ఎంచుకున్నవి, తెలియనివే కానీ మనిషి చేసినవి, ఏఐ అనిపించినవి. ఒక్కోదానికి ఒక్కో గీత. ఫేస్‌బుక్‌కు కూడా ఇలాగే 30 పోస్టులు. తేదీ వేసి కాగితం దాచుకోండి.

చాలామంది ఈ అంచె వదిలేస్తారు. వదిలేస్తే పదిహేను రోజుల తర్వాత "ఏమో, తగ్గినట్టే ఉంది" అంటారు తప్ప నిజంగా తగ్గిందో లేదో తెలియదు.

అంచె 2: గూగుల్ సెర్చ్

గూగుల్‌లో పైన వచ్చే ఏఐ సారాంశాలు మన దేశంలో 2024 ఆగస్టులో మొదలయ్యాయి. అంతకు మూడు నెలల ముందు అమెరికాలో మొదలైనప్పుడు, పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని ఒక సలహా వచ్చింది. ఎవరో ఏళ్ళ క్రితం రెడ్డిట్ అనే చర్చల సైట్‌లో సరదాకి రాసిన మాటను యంత్రం నిజమనుకుంది. ఇప్పుడు అంత వింత తప్పులు తగ్గాయి. నాకు ఎక్కువ భయం చిన్న తప్పులతోనే, ఎందుకంటే అవి చూడగానే తెలియవు.

ఈ సారాంశాలను శాశ్వతంగా ఆపే మీట గూగుల్ ఇవ్వలేదు. దాటి వెళ్ళే దారులు ఉన్నాయి.

తేలిక దారి: ఏదైనా వెతికాక పైన 'ఆల్', 'ఇమేజెస్', 'వీడియోస్' అని వరస ఉంటుంది కదా, అందులో 'వెబ్' నొక్కండి. కనపడకపోతే 'మోర్' లోపల ఉంటుంది. సారాంశం పోయి వట్టి లింకులు మిగులుతాయి.

ప్రతిసారీ నొక్కడం విసుగనిపిస్తే ఒక్కసారి ఈ పని చేయండి. ల్యాప్‌టాప్‌లో 'వెబ్' నొక్కాక పైన చిరునామా చూడండి. అందులో యు, డి, ఎమ్ అనే మూడు అక్షరాలు, ఈక్వల్ గుర్తు, 14 కనపడతాయి. వెబ్ ఫలితాలు మాత్రమే ఇవ్వమని గూగుల్‌కు చెప్పేది ఆ ముక్కే. ఆ చిరునామా కాపీ చేసుకోండి. అందులో మీరు వెతికిన మాట ఉన్నచోట ఆ మాట తీసేసి శాతం గుర్తు, దాని పక్కనే చిన్న ఇంగ్లిష్ ఎస్ అక్షరం పెట్టండి. తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో 'సెర్చ్ ఇంజిన్' లోపలికి వెళ్ళి, కొత్తది చేర్చే చోట దీన్ని అతికించి డిఫాల్ట్ చేయండి. ఫోన్‌లో అయితే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో 'సెర్చ్' కింద ఇదే పని చేయవచ్చు.

జాగ్రత్త: శాతం గుర్తుకూ ఎస్‌కూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఉంటే ఏం వెతికినా పేజీ తప్పుగా వస్తుంది. నాకు ఫోన్ చేసి "మీరు చెప్పింది పనిచేయలేదు" అన్నవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉన్న తప్పు ఇదే.

ఇది కష్టమనిపిస్తే గూగుల్‌కు బదులు డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ వాడండి. దాని సెట్టింగ్స్‌లో ఏఐ జవాబులు ఆపేయవచ్చు. బొమ్మల సెర్చ్‌లో ఏఐ బొమ్మలను దాచే మీట 2025 జులై నుంచి ఉంది. తెలుగు పేజీలు గూగుల్‌లో దొరికినన్ని అందులో దొరకవు, కాబట్టి నేను రెండూ వాడతాను.

ఇంకో దారి తేదీతో వెతకడం. చాట్‌జీపీటీ బయటికి వచ్చింది 2022 నవంబరు 30న. వంటలు, తోటపని, కుట్టుపని, వ్యాకరణం, ఊళ్ళ చరిత్ర లాంటి మారని విషయాలకు ఆ తేదీకి ముందున్న పేజీలనే చూడండి. ల్యాప్‌టాప్‌లో 'టూల్స్' నొక్కి, 'ఎనీ టైమ్' కింద 'కస్టమ్ రేంజ్'లో తేదీ ఇవ్వవచ్చు. ఇలా వెతికితే 2008, 2010 నాటి తెలుగు బ్లాగులు కొన్ని బయటపడతాయి. ఎవరో ఒకావిడ తన వంటింట్లో నిలబడి, పోయినసారి ఉప్పు ఎక్కువైందని కూడా దాచకుండా రాసిన పోస్టు చదువుతుంటే ఎంత హాయిగా ఉంటుందో.

జాగ్రత్త: పథకాలు, ఫీజులు, పరీక్ష తేదీలు, మందులు ఇలా వెతకకండి. పాత సమాచారం నష్టం చేస్తుంది. ప్రభుత్వ విషయాలకు చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉన్న సైట్లే చూడండి. తిరుమల దర్శనం టికెట్లకూ అంతే. దేవస్థానం సైట్ చిరునామా ఏపీ ప్రభుత్వ చిరునామాతోనే ముగుస్తుంది. అలా లేనిచోట డబ్బు కట్టకండి.

పదేపదే అడ్డొచ్చే చెత్త సైట్లు ఉంటే, ల్యాప్‌టాప్‌లో 'యూబ్లాక్‌లిస్ట్' అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకోండి. ఫలితాల్లో మీరు వద్దన్న సైట్ మళ్ళీ కనపడదు.

అంచె 3: యూట్యూబ్

ఎక్కువ సమయం దీనికే పడుతుంది. ఫలితం కూడా ఇక్కడే ఎక్కువ.

చాలామంది చేసేది 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కడం, లేదా డిస్‌లైక్ కొట్టడం. రెండూ దాదాపు దండగ. 2022లో ఫైర్‌ఫాక్స్ వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ 22 వేలకు పైగా మందితో ఈ మీటలను పరీక్షించింది. వద్దన్న తరహా వీడియోలను డిస్‌లైక్ ఆపింది 12 శాతమే. 'నాట్ ఇంట్రెస్టెడ్' 11 శాతం. చూసిన చరిత్రలోంచి వీడియో తీసేస్తే 29 శాతం. 'డోంట్ రికమెండ్ ఛానెల్' నొక్కితే 43 శాతం. అంటే అన్నిటికంటే మంచి మీట కూడా సగం పని చేయదు. కాబట్టి చివరి రెండూ కలిపి వాడాలి.

మొదట చరిత్ర. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ఆల్ హిస్టరీ' తెరవండి. ఏఐ గొంతు వీడియోలు కనపడినచోటల్లా పక్కనున్న గుర్తు నొక్కి తీసేయండి. వందల కొద్దీ ఉంటే చివరి మూడు నెలలది మొత్తం తుడిచేయండి. మీ సబ్‌స్క్రిప్షన్లు పోవు, భయం లేదు.

తర్వాత హోమ్ పేజీకి వచ్చి, ఏఐ అనిపించిన ప్రతి వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి 'డోంట్ రికమెండ్ ఛానెల్' ఎంచుకోండి. వీడియో తెరవకుండానే ఈ పని అవుతుంది. మొదటి రోజు 20 ఛానెళ్ళు, తర్వాత రోజుకు ఐదు చొప్పున వారం పాటు చేయండి. ఒకే మనిషి పది పేర్లతో ఛానెళ్ళు నడపడం మామూలే, అందుకే ఒక్కరోజుతో తీరదు.

ఇంకా గట్టి మందు కావాలంటే చూసిన చరిత్రను పూర్తిగా ఆపేయండి. పాతది తుడిచి, కొత్తది నమోదు కాకుండా 'పాజ్' చేస్తే హోమ్ పేజీలో సిఫారసులే రావు, దాదాపు ఖాళీగా ఉంటుంది. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ ఈ పద్ధతి పెట్టింది. ఇక మీరు సబ్‌స్క్రిప్షన్స్ పేజీకి వెళ్ళి, ఎంచుకున్నవాళ్ళనే చూస్తారు. నేను ఆరు నెలలుగా ఇలాగే వాడుతున్నాను. మొదటి వారం ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది, ఆ తర్వాత అలవాటైపోయింది.

వీడియో కింద వివరాల్లో 'ఆల్టర్డ్ ఆర్ సింథటిక్ కంటెంట్' అని ఉందేమో చూడండి. నిజమనిపించేలా ఏఐతో చేసిన వీడియోలకు అలా చెప్పాలని యూట్యూబ్ 2024 మార్చిలో నియమం పెట్టింది. కానీ అది లేనంత మాత్రాన మనిషి చేసిందని కాదు. స్క్రిప్టు ఏఐతో రాయించుకుంటే చెప్పనక్కర్లేదని ఆ నియమంలోనే ఉంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో యూట్యూబ్ కిడ్స్ పెట్టి, మీరు ఒప్పుకున్న ఛానెళ్ళే కనపడేలా తల్లిదండ్రుల సెట్టింగ్ ఎంచుకోండి. మామూలు యూట్యూబ్ పిల్లల చేతికి ఇవ్వకండి. రంగురంగుల బొమ్మలతో అర్థం లేని కథలు, తప్పుల అక్షరమాలలు అక్కడే ఎక్కువ.

అంచె 4: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్

"ఈ అవ్వ పుట్టినరోజుకు ఎవరూ రాలేదు, మీరైనా శుభాకాంక్షలు చెప్పండి." "ఈ కుర్రాడు కొబ్బరి పీచుతో చేసిన వినాయకుణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు." ఇవి మీరూ చూసే ఉంటారు. ఆ అవ్వ లేదు, ఆ కుర్రాడు లేడు. ఏఐ బొమ్మలు పెట్టే 120 ఫేస్‌బుక్ పేజీలను స్టాన్‌ఫర్డ్, జార్జ్‌టౌన్ పరిశోధకులు పరిశీలించి 2024లో వివరాలు బయటపెట్టారు. అందులో ఒక ఏఐ బొమ్మ పోస్టు 4 కోట్ల చూపులతో 2023 మూడో త్రైమాసికంలో ఫేస్‌బుక్‌లో అందరూ ఎక్కువగా చూసిన 20 పోస్టుల్లో ఒకటైంది. స్పందనలు పెరిగితే పేజీకి విలువ పెరుగుతుంది, ఆ తర్వాత ఆ పేజీ అమ్ముకోవచ్చు, మోసాలకు వాడుకోవచ్చు. అవ్వ మీద మన వాళ్ళు చూపించిన జాలితో ఎవరో సంపాదించుకుంటున్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

చేయాల్సింది:

ఫేస్‌బుక్ మెనూలో 'ఫీడ్స్' తెరిచి 'ఫ్రెండ్స్' ఎంచుకోండి. మీ మిత్రుల పోస్టులే, కొత్తవి ముందుగా కనపడతాయి. రోజూ ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

అలాంటి పోస్టు ఏ గ్రూపు నుంచి వస్తోందో చూసి ఆ గ్రూపులోంచి బయటికి రండి. పేజీ అయితే బ్లాక్ చేయండి. పోస్టును దాచడం ఒక్కటే చాలదు, రేపు అదే పేజీ ఇంకో అవ్వను తెస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పైన ఉన్న 'ఇన్‌స్టాగ్రామ్' అనే పేరు నొక్కి 'ఫాలోయింగ్' ఎంచుకోండి. సెట్టింగ్స్‌లో 'కంటెంట్ ప్రిఫరెన్సెస్' కింద సిఫారసు పోస్టులను 30 రోజులు ఆపవచ్చు. 30 రోజులయ్యాక మళ్ళీ ఆపాలి, క్యాలెండర్‌లో రాసుకోండి.

అంచె 5: ముగ్గులు, బ్లౌజ్ డిజైన్లు వెతికేవాళ్ళకు

పింటరెస్ట్ సెట్టింగ్స్‌లో 'రిఫైన్ యువర్ రికమెండేషన్స్' లోపల ఏఐ బొమ్మలు ఏ ఏ విభాగాల్లో తక్కువ కావాలో ఎంచుకోవచ్చు. 2025 అక్టోబరు నుంచి ఉంది. అన్నీ ఆపేయండి.

అయినా కొన్ని జారి వస్తాయి. ముగ్గయితే చుక్కలు లెక్కపెట్టండి. 15 చుక్కలు 8 వరకు సందు చుక్క అన్నారంటే మధ్య వరసలో 15, అక్కడినుంచి పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ 8 రావాలి. ఏఐ ముగ్గులో ఈ లెక్క కుదరదు. ఒక పక్క ఏడు, ఇంకో పక్క తొమ్మిది ఉంటాయి, మెలిక గీత ఎక్కడో చుక్కలో కలిసి ఆగిపోతుంది. పండగ రోజు తెల్లవారుజామున వాకిట్లో కూర్చున్నాక ఇది తెలిస్తే చాలా టెన్షన్. ముందురోజే కాగితం మీద వేసి చూసుకోండి.

బ్లౌజ్ అయితే వీపు వైపు తాళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతున్నాయో చూడండి. మగ్గం వర్క్‌లో రెండు చేతుల మీదా పూల లెక్క సరిపోవాలి. మగ్గం పని చేసేవాళ్ళకు బొమ్మ చూపించి "ఇది కుట్టొచ్చా?" అని అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

అంచె 6: మీ సొంత జాబితా కట్టుకోండి

చెత్త తీసేశాక ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టకపోతే మళ్ళీ పాత ఫీడ్‌కే వెళ్తారు. ఒకప్పుడు తెలుగు బ్లాగులకు కూడలి, మాలిక లాంటి సంకలినులు ఉండేవి. ఎవరు కొత్తగా ఏం రాసినా ఒకచోట కనపడేది. ఫీడ్‌లు నడిపే కంపెనీలు పెరిగాక ఆ అలవాటు పోయింది. నచ్చిన సైట్లలో కొత్తవన్నీ ఒకచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్‌ను కూడా 2013 జులైలో మూసేశారు. కానీ దాని వెనకున్న పద్ధతి, సైట్‌లో కొత్తది రాగానే యాప్‌కు తెలిపే ఆర్ఎస్ఎస్, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఫీడ్లీ, ఇనోరీడర్, లేదా ఆండ్రాయిడ్‌లో ఫీడర్, వీటిలో ఒకటి వేసుకోండి. ఉచితంగా వాడుకునేంత చాలు. మీకు నచ్చిన సైట్ చిరునామా కాపీ చేసి యాప్‌లో చేర్చే చోట అతికించండి. చాలావరకు ఫీడ్‌ను అదే కనుక్కుంటుంది. ఇకమీదట అక్కడ కొత్తది రాగానే మీకు వస్తుంది. మధ్యలో ఎవరి సిఫారసూ ఉండదు.

దేనితో మొదలుపెట్టాలని అడుగుతారు కాబట్టి: 1998 నుంచి నడుస్తున్న వెబ్ పత్రిక ఈమాట, పుస్తకాల గురించి 2009 నుంచి నడుస్తున్న పుస్తకం డాట్ నెట్. మీకు తెలిసిన బ్లాగులు ఇంకా బతికి ఉన్నాయేమో వెతకండి. యూట్యూబ్ ఛానెల్ చిరునామా కూడా ఇదే యాప్‌లో అతికించవచ్చు, అప్పుడు యూట్యూబ్ హోమ్ పేజీ తెరవాల్సిన పనే లేదు. మొత్తం 15 దాటనివ్వకండి. ఎక్కువైతే చదవనివి పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే భారమనిపిస్తుంది.

యాప్ వద్దనుకుంటే బ్రౌజర్‌లో బుక్‌మార్క్‌ల ఫోల్డర్ ఒకటి చేసుకుని ఆదివారం పొద్దున ఒక్కొక్కటే తెరవండి. అదీ బాగానే పనిచేస్తుంది. మాటల అర్థాలకు ఆంధ్రభారతి, పాత పుస్తకాలకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ కూడా అందులో పెట్టుకోండి.

నచ్చిన రచన కింద రెండు మాటలు రాయండి. చెత్త మధ్య తమ రాతలు ఎవరికీ చేరడం లేదని రాయడం మానేసిన మనుషులు నాకు తెలుసు.

అంచె 7: నమ్మేముందు చూసుకోవాల్సినవి

వంట, వైద్యం, సాగు, చరిత్ర, ఏదైనా సరే, నేను చూసేది ఇది చేసిన చెయ్యి ఉందా అని. చేసినవాళ్ళకు తెలిసే చిన్న సంగతి ఒక్కటైనా అందులో ఉండాలి. గోంగూర కడిగాక తడారబెట్టమని, కళ్ళుప్పు ఎండబెట్టి దంచమని, ఫలానా నేలలో అయితే మొక్క ఇలా వస్తుందని. ఎక్కడ తప్పు జరుగుతుందో చెప్పాలి. ఊరో, కాలమో, కొలతో ఉండాలి. "నిపుణులు చెబుతున్నారు", "కొన్ని ప్రాంతాల్లో", "తగినంత" ఇవే మొదటినుంచి చివరిదాకా ఉంటే వదిలేయండి.

భాషలో చూడండి. "ఇది కేవలం వంటకం కాదు, ఒక అనుభూతి" లాంటి వాక్యాలు పేరాకొకటి వస్తే అనుమానించండి. "మీ రుచి మొగ్గలు", "తక్కువ వేడి మీద" అని ఏ అమ్మా చెప్పదు. సన్నని సెగ అంటుంది.

గొంతులో వినండి. రూ., కి.మీ., క్రీ.శ. లాంటి పొడి అక్షరాలు యంత్రం తరచు తప్పుగా చదువుతుంది. చుక్క, చాప, జల్లెడ లాంటి మాటల్లో మనం పళ్ళకు నాలుక తగిలించి పలికే చ, జ దానికి సరిగా రావు. గుక్క తిప్పుకోదు, తడబడదు.

జాగ్రత్త: ఇవి అనుమానానికి కారణాలే, రుజువులు కావు. మాట్లాడటానికి ఇబ్బంది ఉన్నవాళ్ళు, గొంతు వినిపించడానికి సిగ్గుపడేవాళ్ళు యంత్రం గొంతు వాడి తమ సొంత మాటలు చెప్పుకోవచ్చు. వాళ్ళను చెత్తతో కలపకండి.

ఏఐ రాసిందో లేదో చెప్పే డిటెక్టర్ సైట్లను మాత్రం అస్సలు నమ్మకండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చింది. అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాసిందని తప్పుగా చెప్పింది. అదే ఏడాది జులైలో తీసేశారు. అది కూడా ఇంగ్లిష్ రాతల మీద. అలాంటిదాని మాట పట్టుకుని ఒక విద్యార్థినో, రచయితనో దొంగ అనడం పెద్ద అన్యాయం.

ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే బొమ్మ ముందు ఎక్కడ వచ్చిందో చూడండి. గూగుల్ ఏఐతో చేసిన బొమ్మలో కంటికి కనపడని సింథ్ఐడీ ముద్ర ఉంటుంది. గూగుల్ వాళ్ళ ఏఐ యాప్ జెమినీలో బొమ్మ పెట్టి అడిగితే చెబుతుంది. వేరే కంపెనీ ఏఐతో చేసిన బొమ్మను అది పట్టుకోలేకపోవచ్చు. వార్త అయితే హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ అనే సైట్ తెలుగులోనే నిజనిర్ధారణలు ఇస్తుంది, అక్కడ వెతకండి.

వికీపీడియా చదివేటప్పుడు పైన 'చరిత్ర' నొక్కే అలవాటు చేసుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎంత రాశారో కనపడుతుంది. చాలామంది కొద్దికొద్దిగా దిద్దిన వ్యాసం, ఒక్కరోజులో ఊడిపడిన వ్యాసం కంటే నమ్మదగ్గది. తెలుగు వికీపీడియాలో 2009 తర్వాత రెండేళ్ళ పాటు గూగుల్ ప్రాజెక్టు కింద యంత్రానువాదంతో వచ్చిపడిన వ్యాసాలను దిద్దడానికి మన వికీపీడియన్లు ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. యంత్రం తెలుగుతో మనకు పేచీ కొత్తదేం కాదు.

అమ్మానాన్నల ఫోన్

దీనికి అంచెలు లేవు, ఓపిక కావాలి. "నాన్నా, ఇది ఫేక్, ఇలాంటివి పంపకండి" అని కుటుంబం గ్రూపులో అందరి ముందు అనకండి. ఆయన మనసు చిన్నబుచ్చుకుంటుంది, రేపటినుంచి మీకు పంపడం మానేసి మిగతావాళ్ళకు పంపుతారు. పక్కన కూర్చుని ఒక బొమ్మ చూపించి, "నాన్నా, ఈ దేవుడి చేతివేళ్ళు ఎన్నున్నాయో ఒకసారి చూడండి" అని అడగండి. ఒకసారి ఆయనే పట్టుకుంటే తర్వాత మీకు చెప్పడం మొదలుపెడతారు. మా బాబాయి ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు కనిపెడతాడు.

మందులు, ఉపవాసాలు, షుగర్, బీపీ గురించిన వీడియోలైతే మాత్రం ఆలస్యం చేయకండి. ఆ ఛానెళ్ళను వాళ్ళ ఫోన్‌లో మీరే ఆపేసి, డాక్టరు ఇచ్చిన మందు వీడియో చూసి మానలేదు కదా అని నెమ్మదిగా కనుక్కోండి.

వాట్సాప్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' కింద బొమ్మలు, వీడియోలు తమంతట తామే డౌన్‌లోడ్ కాకుండా ఆపండి.

తరచు చేసే తప్పులు

ఏఐనా కాదా తెలుసుకుందామని వీడియో చివరిదాకా చూడటం. మీరు ఇష్టంగా చూశారనే యాప్ అనుకుంటుంది.

"ఇది ఫేక్" అని కింద కామెంట్ రాయడం. కోపంతో రాసినా అది స్పందన లెక్కలోకే పోతుంది. పదిమందికి చెప్పాలంటే స్క్రీన్‌షాట్ తీసి, పేజీ పేరు కనపడకుండా పంపండి.

ఒకే రోజు అన్నీ చేసి, మూడో రోజుకే ఏం మారలేదని వదిలేయడం. యూట్యూబ్‌కు కనీసం రెండు వారాలు పడుతుంది.

ఏఐ మీద కోపంతో కొత్తగా రాసేవాళ్ళనందరినీ అనుమానించడం. మొన్నొకచోట పదో తరగతి పిల్ల రాసిన కవిత కింద "చాట్‌జీపీటీనా?" అని ముగ్గురు అడిగారు. ఆ పిల్ల మళ్ళీ రాస్తుందో లేదో.

ఫలితం చూసుకోవడం

పదిహేనో రోజున అంచె 1లో చేసిన లెక్క మళ్ళీ చేయండి. అదే 30, అవే మూడు గడులు. నా కాగితం మీద మొదటిసారి ఏఐ గడిలో 17 గీతలున్నాయి, చరిత్ర తుడిచి ఛానెళ్ళు ఆపిన పదిహేను రోజులకు 6 అయ్యాయి. మీకు అంతే రావాలని లేదు. సగానికి తగ్గినా అంచెలు పనిచేసినట్టే.

ఏమాత్రం తగ్గలేదంటే మొదట టీవీ చూడండి. మీ గూగుల్ అకౌంట్‌తోనే టీవీలో యూట్యూబ్ నడుస్తుంటే, మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్ళు చూసే భక్తి కథలు, సాయంత్రం పిల్లలు చూసే బొమ్మలు అన్నీ మీ లెక్కలోనే పడతాయి. మీరు ఫోన్‌లో ఎన్ని ఛానెళ్ళు ఆపినా రాత్రికి మళ్ళీ అలాంటివే వస్తాయి. టీవీకి వేరే అకౌంట్ చేయండి. దాని చరిత్రను కూడా అంచె 3లో చెప్పినట్టే తుడిచి, అక్కడినుంచి మళ్ళీ పదిహేను రోజులు లెక్కపెట్టండి.